సముద్రపు గాలికి వాలిపోయిన బొమ్మలు

మా ధర్మవరంలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, పొద్దున ఆరేసిన పంచె మధ్యాహ్నానికి అప్పడంలా విరుగుతుంది. నమ్మకపోతే మీ ఇష్టం. పట్టుచీరలు అమ్ముకుని బతికేవాణ్ణి, కాస్త మెరుగు పెట్టకుండా ఏదీ చెప్పలేను. విశాఖలో జరిగినదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. దానికి మెరుగు పెట్టాలని కూడా అనిపించడం లేదు, అంత ఒళ్లు మండుతోంది.

మా ఊరికి దగ్గరి పల్లెలో నాకొక స్నేహితుడున్నాడు. నాకన్నా పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. తోలుబొమ్మలాట వాళ్ల ఇంటి విద్య. ఆట పెట్టమని అడిగేవాళ్లు లేక, కొన్నేళ్లుగా అదే మేకతోలుతో దీపాలకు తొడుగులు చేసి బెంగళూరు దుకాణాలకు పంపుతున్నాడు. అలాంటి మనిషికి విశాఖ నుంచి పిలుపొచ్చింది. రేవు దగ్గర పాత మేడలున్న వీధిలో కళల పండగ చేస్తారట, ఆటకు అరగంట ఇస్తారట. అన్న పెట్టె తీసి బొమ్మలకు రంగులు దిద్దాడు, కీళ్లకు కొత్త దారాలు కట్టాడు. ఆటలో నవ్వించే బొమ్మకు మాటలు చెప్పేవాణ్ణి నేనే కాబట్టి నన్నూ బయల్దేరదీశాడు.

"దీపాల తొడుగులు చేసీ చేసీ నా చేతులు ఆట మర్చిపోతాండాయప్పా. ఒక్కసారన్నా నిండు జనం ముందర ఆడించల్ల," అన్నాడు రైల్లో.

వీధి చూడముచ్చటగానే ఉంది. ప్రతి పాత గోడ ముందూ ఎవరో ఒకరు మూతి ముందుకు పెట్టి సెల్ఫీ దిగుతున్నారు. ఒక మేడ చూపించి అది ఎవరు కట్టిందని నిర్వాహకుణ్ణి అడిగాను. "అది ఫొటో పాయింటండీ," అన్నాడు.

మేము చేసిన పొరపాటు ఇక్కడే. మా వైపు ఆటకు ముందు బొమ్మల్ని గాలికి వేలాడదీస్తాం, తోలు బిర్రుగా అవుతుందని. అక్కడా అలాగే మధ్యాహ్నం తాడు కట్టి వేలాడదీసి, టీ తాగడానికి పోయాం. తిరిగొచ్చేసరికి సముద్రపు తేమంతా పీల్చుకుని రాజు తల గుండెల మీదికి వాలిపోయింది. కోతి తోక నేలకు జారింది. సేనాధిపతి కత్తి వంకాయ తొడిమలా వంగిపోయింది.

"ఏమప్పా ఇది, వీనికి ఎముకల్లేకుండా పాయనే!" అంటూ అన్న రాజును ఎత్తి పట్టుకున్నాడు. "యాడ ఆరబెట్టేది ఈడ?"

ఎదురుగా మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె నిప్పులు విసురుతోంది. అన్న రాజును తీసుకుపోయి ఆ నిప్పుల సెగకు పట్టాడు.

"ఏటి బాబూ ఇది? తోలు కంపు కొడితే నా పొత్తులెవులు కొంతారు?" అని ఆమె కేకలేసింది.

ఇంతలో నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చాడు. "ఇంకా రెడీ కాలేదా? జనం లేచిపోతే డీజేని ఎక్కించేస్తానండీ!"

అన్న నా వైపు చూశాడు. "పోప్పా, బొమ్మలు ఆరేదాకా ఏందో ఒకటి చెప్పు. జనాన్ని పోనీయద్దు."

మైకు పట్టుకున్నాను. హిందూపురం సంతలో ఒక కోతి పట్టుగూళ్ల బస్తా ఎత్తుకుపోయి, పెనుకొండ కొండెక్కి, దారం తీసి కోటంతా చుట్టేసిందని చెప్పాను. కోట మీదికి దండెత్తి వచ్చినవాళ్లు అదేదో పెద్ద పట్టుగూడు అనుకుని, ఏనుగులతో లాగించి హిందూపురం తెచ్చి తూకానికి పెట్టారని, తక్కెడ విరిగిందని చెప్పాను. జనం విరగబడి నవ్వారు. పోయేవాళ్లు కూడా వెనక్కి తిరిగి కూర్చున్నారు.

తెర వెనక నుంచి అన్న చెయ్యి ఊపాడు. బొమ్మలు ఆరాయి. నేను మైకు దించబోతే నిర్వాహకుడు కింద నుంచి "ఆపకండి సార్, ఇంకొకటి!" అన్నాడు. జనం కూడా ఇంకొకటి, ఇంకొకటి అని చప్పట్లు. ఒక్కటే గదా అని చెప్పాను. దాని తర్వాత ఇంకొకటి అడిగారు. చివరికి విదిలించుకుని దిగితే, తెర మీద దీపం వెలిగింది. రాజు తలెత్తి నిలబడ్డాడు, నిటారుగా, బ్రహ్మాండంగా. సభకు దండం పెట్టడానికి చేతులు లేపాడు.

అంతే. డీజే మొదలైంది. టైమ్ అయిపోయిందట.

నాకు శాలువా కప్పారు. "వచ్చే ఏడాది మీరొక్కరే వచ్చేయండి సార్. ఆ సామానంతా ఎందుకు మోయడం?" అన్నాడు నిర్వాహకుడు, అన్న వింటుండగానే.

శాలువా తీసి కుర్చీ మీద పడేశాను. "అన్నా, నీ కోసమే గదా జనాన్ని పట్టి ఉంచితి," అన్నాను.

"పట్టినావు లేప్పా," అన్నాడు అన్న, రాజును మడిచి పెట్టెలో పెడుతూ. "పట్టినోనివి ఇడిచిపెట్టకపోతివి."

ఈ ఏడాది మళ్లీ ఫోనొచ్చింది. బొమ్మలాటకు గంట ఇస్తే ఇద్దరం వస్తామన్నాను. "అంత టైమ్ ఎక్కడుందండీ? మీ కథలు చాలు," అన్నాడు. నా గొంతు పూర్తిగా పోయిందని, డాక్టరు మాట్లాడొద్దన్నాడని, వీధి వీధంతా వినపడేలా అరిచి ఫోన్ పెట్టేశాను.