పొత్తిగుడ్డల్లో పాకం వాసన

మొన్న మధ్యాహ్నం మా కింది వాటాలో ఎవరో మరమరాల ఉండలకు బెల్లం పాకం పట్టినట్టున్నారు, ఆ వాసన మెట్లెక్కి మా వంటింటిదాకా వచ్చింది. ఎవరికైనా నోరూరే వాసనే. నేను మాత్రం లేచి వెళ్లి కిటికీ మూసేసి, ఆ ఇంట్లో పసిపిల్లలెవరూ లేరు కదా అని ఒకసారి గుర్తు చేసుకున్నాను. నా వయసు వాళ్లందరికీ ఇలాంటి పిచ్చి అలవాటు ఏదో ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి, ఇదెక్కడిదో చెబితే మీరు నవ్వరనే నమ్మకం.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి సంగతి. నేను బాపట్లలో మిషన్ స్కూల్లో టీచరుగా చేస్తూ, శనివారం సాయంత్రం పాసింజరెక్కి తెనాలిలో మా అమ్మ దగ్గరికి వచ్చేదాన్ని. మా తమ్ముడికి రేపల్లెలో ఉండే మా మేనమామ కూతుర్నే చేసుకున్నాం. ఎంత దగ్గరి సంబంధమైనా మా అమ్మకు తన అన్న భార్య, అంటే మా అత్త, పొడ గిట్టేది కాదు. అత్త ఏ కూర వండి పంపినా అమ్మ ముందు మూత తీసి వాసన చూశాకే మాకు వడ్డించేది.

మా మరదలి తొలి కాన్పు ఆచారం ప్రకారం రేపల్లెలోనే జరిగింది. బొద్దుగా పుట్టిన ఆడపిల్ల వారం తిరక్కుండానే పాలు మానేసి, మూలిగి మూలిగి కళ్లు మూసింది. ఎందుకో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు గానీ మా అమ్మ చెప్పేసింది, అత్తే బిడ్డ నోట్లో తీపిదేదో పోసి ఉంటుందని. పుట్టిన బిడ్డకు చక్కెర నీళ్లు నాకించని ఇల్లు ఆ రోజుల్లో ఎక్కడుంది, మా అందరికీ మా అమ్మే నాకించింది, అయినా ఆ మాట ఆవిడతో అనే ధైర్యం ఎవరికుంది?

రెండో కాన్పు అమ్మ పట్టుబట్టి తెనాలిలోనే పెట్టించింది. అత్త రావచ్చు గానీ బిడ్డ దగ్గర ఒంటరిగా ఉండకూడదు, అందుకు నేను సెలవు పెట్టి కాపలా కాయాలి. అత్తేమో కూతురికి బాలింత కాయం చేసి పెట్టాలని పాత బెల్లం, మిరియాలు, పిప్పళ్లు మూటగట్టుకుని దిగింది. నాలుగైదు రోజులకు పిల్లాడు పాలు లాగడం తగ్గించాడు. ఆ సాయంత్రం పొత్తిగుడ్డ మారుస్తూ అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఆగిపోయింది. ఆ తడిలో ముదురు పాకం వాసన. నేనూ చూశాను, అబద్ధం కాదు. అమ్మ తిన్నగా వెళ్లి అత్త సంచి దులిపింది. బెల్లం ముద్ద కిందపడింది, దాని ఒక మూల విరిగి ఉంది.

"ఏంటి వదినా ఇది? ఈ బిడ్డక్కూడా నాకించావా?"

"కాయంలోకి విరిచానమ్మా" అంది అత్త.

పిల్లల డాక్టరుగారు ఆ గుడ్డ వాసన చూశారు, మొదటి బిడ్డ సంగతి అడిగారు, మేనరికమా అన్నారు. ఆయనకూ అనుమానమే, కాకపోతే అది వేరే రకంది. మడమ మీద గుచ్చి, దళసరి కాగితం మీది గుండ్రాల్లో రక్తపు బొట్లు ఇంకనిచ్చి, నీడన ఆరబెట్టి హైదరాబాదుకు కొరియర్ చేయించారు. తల్లిపాలు ఆపి గ్లూకోజు ఎక్కించమన్నారు. తీపి నాకిస్తే వచ్చిన జబ్బుకు మళ్లీ చక్కెర నీళ్లే మందేమిటని అమ్మకు డాక్టరు మీద కూడా అనుమానం మొదలైంది. మాస్ స్పెక్ట్రోమెట్రీ అన్న పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. రక్తంలో కంటికి కనపడని పదార్థాల్ని బరువును బట్టి గుర్తుపట్టి, ఏది ఎంత ఉందో చెప్పే మిషనని ఆయన ఓపిగ్గా చెప్పారు.

"ఎవరు పెట్టారో కూడా ఆ తూకంలో తెలుస్తుందాండి?" అంది అమ్మ.

డాక్టరుగారు నవ్వలేదు. "ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియొచ్చమ్మా" అన్నారు.

రిపోర్టు వచ్చేదాకా ఆసుపత్రి బల్లకు ఈ చివర అమ్మ, ఆ చివర అత్త. అవతలివాళ్లు కాగితం మార్చేయిస్తారేమోనని ఇద్దరికీ భయమే. అత్త తాగి పెట్టిన గ్లాసును నేను కూడా ఓసారి వాసన చూశాను.

చివరికి తెలిసింది ఇదీ. పాలల్లో ఉండే మాంసకృత్తుల్లో కొన్నింటిని అరిగించుకునే శక్తి ఆ బిడ్డకు పుట్టుకతోనే లేదు. అవి రక్తంలో పేరుకుపోయి విషమయ్యాయి. పాకం వాసన ఆ జబ్బుదే, బెల్లానిది కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం వస్తేనే ఇది బయటపడుతుందంటూ డాక్టరుగారు కాగితం మీద గీతలు గీశారు. తమ్ముడి గీత మా అమ్మ దగ్గరికి, మరదలి గీత మా మేనమామ దగ్గరికి వెళ్లి, రెండూ మా తాతగారింట్లో కలిశాయి. మేనరికంలో ఎక్కువగా ఇదే దారి అన్నారు. ఆ దారిలో అత్త ఎక్కడా లేదు. అమ్మ ఆ గీతల్ని చాలాసేపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విదేశాల నుంచి తెప్పించాల్సిన, ఆ మాంసకృత్తులు లేని పాలపొడి వచ్చేలోగానే పిల్లాడు పోయాడు. మడమకు అంటించిన చిన్న దూదిముక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

కొన్నేళ్లకు మళ్లీ ఆడపిల్ల పుట్టింది. ముందే పరీక్ష చేయించారు, ఏ లోపమూ లేదన్నారు. అమ్మ ఆ బిడ్డను నర్సు చేతిలోంచి అందుకుని తిన్నగా అత్త ఒళ్లో పెట్టి, "కాయానికి బెల్లం తెచ్చావా వదినా?" అని అడిగింది. క్షమించమని ఆవిడ జన్మలో ఎవర్నీ అడగలేదు, అంతకన్నా అడగడం ఆవిడకు రాదని అత్తకు తెలుసు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఈ రోజుల్లో మా ఊళ్లో కూడా బిడ్డ పుట్టగానే మడమ గుచ్చి కాగితం పంపే ఆసుపత్రులున్నాయి, ఎందుకని అడిగే అమ్మమ్మలే లేరు. ఆ కాగితం లేని కాలంలో బిడ్డ పోతే కారణం వెతకడానికి మాకు మనుషులే దొరికేవారు. ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్ల సంచులు దులిపి ఉంటారో అనుకుంటూ, మూసిన కిటికీ మళ్లీ తెరిచాను.