ఓబులేసు నడుముకు ఆరు వారాలు

2002 ఫిబ్రవరి. మధ్యాహ్నం రెండింటికి నల్లమాడ దాటాక మట్టిదారిలో లారీ మమ్మల్ని దింపింది. ఆరుగురం. నేను హవల్దార్‌ని, పోస్టుకు ఇన్‌చార్జిని. ఎదురుగా చెట్టూ చేమా లేని బండల కొండ. పైన సిగ్నళ్ళు అందుకుని ముందుకు పంపే టవరు, ఒక రేకుల షెడ్డు, వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. ఆ టవరును కాయడం, రేడియో నడపడం మా పని. రెండేళ్ళ డ్యూటీ.

నాది తాడిపత్రి. పదమూడేళ్ళు మంచులోనూ అడవుల్లోనూ తిరిగినవాణ్ణి, సొంత జిల్లాలో పోస్టింగ్ అనగానే ఎగిరి గంతేశాను. మిలిటరీ అంటే మీరంతా సరిహద్దు గురించే అడుగుతారు. నా సర్వీసంతటిలో నా చేతుల మీదుగా పాడైన మనిషి ఒక్కడే, అదీ ఈ కొండ మీద. తుపాకీ పేలలేదు.

కొండ మీద నీళ్ళు లేవు. కింద ఊళ్ళోనూ లేవు. ఆరు కిలోమీటర్ల అవతల బోరు నుంచి ట్రాక్టరు ట్యాంకరు రోజూ కొండ మొదటికి వచ్చేది. అక్కడి నుంచి పైకి కావడి. బద్దకు అటొకటి ఇటొకటి ఇరవై లీటర్ల క్యాన్లు. ఉత్త చేతులతో ఎక్కితే నలభై నిమిషాలు, కావడితో గంటా పది. మేము రాకముందు నుంచీ మోసేది ఓబులేసు. ముప్పై ఏళ్ళుంటాయి, నాకంటే చిన్నవాడు. నాలుగెకరాల మెట్ట. రెండేళ్ళు వరసగా శనక్కాయ పంట పోయి ఈ పనికి వచ్చాడు.

కావడి మోసేవాడికి ఒక పట్టుదల ఉంటుంది. ఎత్తిన బరువు దారిలో దించడు. అలిసిపోతే నడుస్తూనే భుజం మారుస్తాడు. దించితే మళ్ళీ ఎత్తడానికి నడుము ఒప్పదని వాళ్ళ లెక్క.

మార్చి రెండో వారంలో ఒక పొద్దున ఓబులేసు పైకి రాలేదు. దిగి చూస్తే బండ మీద పక్కకు తిరిగి పడుకొని ఉన్నాడు. "నడుము పట్టేసినాది అన్నా. లేసేకి కాలేదు," అన్నాడు. మొహమంతా చెమట. "ఎన్నాళ్ళ నుంచిరా?" అంటే, "సంక్రాంతి నుంచి నొస్తాండాది. చెప్తే యాడ పని తీసేస్తారో అని..." అన్నాడు.

తిట్టాను. తర్వాత ఇద్దరం పట్టుకొని షెడ్డుకు తెచ్చాం.

మా బేస్‌లో ఒక నర్సింగ్ హవల్దార్ ఉండేవాడు. కోస్తా మనిషి. సాయంత్రం ఆరింటి రేడియో చెక్‌లో సంగతి చెప్పాను. సెట్టు మీద సొంత మాటలు మాట్లాడకూడదు, తెలుగు అసలే కూడదు. రెండూ చేశాం.

"కాలు తిమ్మిరెక్కుతోందా? మూత్రం సరిగా వస్తోందా? మడమల మీద నిలబడి నడవగలడా? ఓవర్."

"తిమ్మిరి లేదు. మిగతావి బాగానే ఉన్నాయి. ఓవర్."

"బతికించారు. ఆరు వారాలు బరువు ఎత్తకూడదు. బిందెడు నీళ్ళు కూడా వద్దు. నేను చెప్పే వ్యాయామాలు రోజూ చేయించండి. కాలు తిమ్మిరెక్కితే ఆ నిమిషమే ఆసుపత్రి. ఓవర్."

మర్నాటి నుంచి పొద్దున ఆరింటికి షెడ్డు ముందు టార్పాలిన్ పరిచేవాళ్ళం. ఓబులేసు వెల్లకిలా పడుకొనేవాడు. రేడియో ఆపరేటర్ చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకొని, అవతల నర్సింగ్ హవల్దార్ చెప్పింది చెప్పినట్టు అరిచేవాడు: "కుడి మోకాలు గుండెకు! ఇరవై లెక్క! నడుములో నొప్పి వస్తే ఆపు!" తువ్వాలు పాదానికి వేసి కాలు చాపి పైకి లాగడం. మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తి నిలపడం. చివర్లో గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం. మొదటి రోజు నాలుగు సెకన్లు నిలిచాడు. మా వంటవాడు పడీ పడీ నవ్వి, తనూ నిలబడి మూడుకే పడ్డాడు.

ఆ రోజుల్లో నీళ్ళు మేమే మోశాం. మూడు రోజులకే నా భుజాలు పుండ్లయ్యాయి. అప్పుడు తెలిసింది ఓబులేసు ఎంత పని చేసేవాడో.

కొండ కింద ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళు వాణ్ణి ఏడిపించేవాళ్ళు. "ఏమప్పా ఓబులేసూ, మిల్ట్రీవాళ్ళు నిన్ను కొంగను చేసినారంటనే!" వాడు నవ్వి, "నగండి నగండి. నొప్పి తగ్గినాక నేను నగుతా," అనేవాడు.

నాలుగో వారానికి నిజంగానే తగ్గింది. కళ్ళు మూసుకొని ఒంటికాలి మీద అరవై లెక్క నిలిచాడు. కింద కూర్చోవడం, లేవడం, అన్నీ సాఫీగా. మేమంతా చప్పట్లు కొట్టాం. నాకైతే నేనే పెద్ద డాక్టర్నైపోయినంత గర్వం.

ఐదో వారం, ఏప్రిల్. ఎండ నలభై రెండు. బేస్ నుంచి కబురు: ఎల్లుండి ఆఫీసరు తనిఖీ. ట్యాంకు నిండుగా ఉండాలి. మా ఆరుగురిలో ఇద్దరు సెలవులో ఉన్నారు, ఒకడికి జ్వరం. ట్యాంకరు ఆ రోజు పదకొండింటికి గానీ రాలేదు. ట్యాంకు నిండడానికి ఇంకా రెండు కావళ్ళ నీళ్ళు వెలితి. ఆ మాత్రం వెలితికి నన్నెవరూ ఉరి తీసేవాళ్ళు కాదు. ఆ ముక్క అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

"ఓబులేసూ, రెండు ట్రిప్పులు వేస్తావా?" అన్నాను.

వాడు కావడి బద్ద వైపు చూశాడు. "సారు ఆరు వారాలు అన్న్యాడు కదన్నా?"

"నొప్పి లేదు కదరా ఇప్పుడు?"

"నొప్పైతే లేదు."

"మరింకేం?"

"నువ్వు చెప్తే ఎత్తుతా అన్నా," అని బద్ద భుజానికి ఎత్తుకున్నాడు.

మొదటి ట్రిప్పు బాగానే వచ్చాడు. రెండోది పన్నెండూ నలభైకి మొదలుపెట్టాడు. నేను షెడ్డు నీడలో నిలబడి చూస్తున్నాను. సగం కొండ దగ్గర భుజం మార్చాడు. పది అడుగులకే మళ్ళీ మార్చాడు. ఇంకో పది అడుగులకు మళ్ళీ. అలా ఎప్పుడూ చేసేవాడు కాదు. ఏదో తేడా ఉందని నాకు అర్థమైంది. దించరా అని ఒక్క కేక వేయవచ్చు. ఇంకాస్తే కదా, వచ్చేస్తాడులే అనుకున్నాను. వచ్చాడు. రెండు క్యాన్లూ చుక్క ఒలకకుండా ట్యాంకులో పోశాడు. పోసి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"అన్నా, నా ఎడం పాదం లేచ్చాలేదు," అన్నాడు.

పాదం వేలాడుతోంది. వేళ్ళు పైకెత్తమంటే ఎత్తలేకపోతున్నాడు. వాడి కళ్ళల్లో భయం నేను అంతకు ముందు చూడలేదు. ఆపరేటర్ సెట్టు నా చేతికిచ్చాడు.

"ఎన్ని వారాలైంది? ఓవర్," అన్నాడు నర్సింగ్ హవల్దార్.

"ఐదు."



"నేను ఆరు చెప్పాను. వెంటనే ఆసుపత్రికి పంపండి. ఓవర్."

కావడి బద్దకు టార్పాలిన్ కట్టి మోసుకుంటూ దింపాం. ట్రాక్టరులో కదిరికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి. ఆపరేషన్ చేశారు. నొప్పి పోయింది గానీ పాదం లేవలేదు.

రిపోర్టు రాయాల్సింది నేనే. "పౌర కూలీ వైద్య సలహా పాటించక స్వయంగా బరువు ఎత్తినందున" అని రాశాను. నా చేతిరాతే. తనిఖీకి వచ్చిన ఆఫీసరు అది చదివి, ట్యాంకు మూత తీసి చూసి, వెరీ గుడ్ అన్నాడు. ఛీ, నా బతుకు.

2004 ఫిబ్రవరిలో నా డ్యూటీ ముగిసింది. పొద్దున ఎనిమిదింటి బస్సుకు నల్లమాడలో నిలబడ్డాను. ఓబులేసు వచ్చాడు. నన్ను సాగనంపడానికి రెండు మైళ్ళు నడిచి వచ్చాడు.

"సారు చెప్పినవి ఇప్పటికీ రోజూ చేస్తాండా అన్నా," అన్నాడు. "ఆ పొద్దు తప్పంతా నాదే. మాట ఇనకుండా ఎత్తినా. నీకు ఊరికే చెడ్డపేరు తెచ్చినా."

నా రిపోర్టులోని మాటే వాడి నోట్లో ఉంది. ఎవరు చదివి చెప్పారో. కాదురా, తప్పు నాదిరా అనాలి. నోరు తెరిచాను కూడా. బస్సు వచ్చింది. "ఆరోగ్యం జాగ్రత్త" అని ఎక్కి కూర్చున్నాను.

ఇప్పుడు తాడిపత్రిలో ఉంటున్నాను. నాకూ నడుము నొప్పి వచ్చింది. పొద్దున్నే చాప మీద పడుకొని మోకాలు గుండెకు లాక్కుంటాను. కళ్ళు మూయగానే ఆ బస్సు కిటికీలోంచి చూసింది కనిపిస్తుంది. ఓబులేసు వెనుదిరిగి ఊరికి పోతున్నాడు. చెప్పు ముందు భాగానికి పాత సైకిల్ ట్యూబు ముక్క కట్టి, దాని రెండో కొస మోకాలి కింద బిగించుకున్నాడు. అడుగడుక్కీ వంగి, చేత్తో ఆ ట్యూబు లాగి, పాదం పైకెత్తి, ముందుకు వేస్తున్నాడు.