మస్తాన్‌బీ మీద మోపిన నింద

ఒక తల్లి మీద నేను మోపిన నింద ఇన్నేళ్ళుగా నన్ను వదల్లేదు. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి చెబుతున్నాను.

తొంభైల చివర్లో గుంటూరులో జువాలజీ లెక్చరర్ని. మా వెనక వాటాలో మస్తాన్‌బీ ఉండేది. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళేది. కొడుక్కి నాలుగేళ్ళొచ్చినా మాట రాలేదు. ఓ సాయంత్రం వాణ్ణి చంకనేసుకుని మా గుమ్మంలో నిలబడింది.

“మేడంగారూ, మెదడు గురించి పాఠాలు చెబుతారంట కదా. వీడికి మాటెందుకు రాలేదంటారు?”

తెలియదు అనాల్సింది. అనలేకపోయాను.

“కడుపుతో ఉన్నప్పుడు నెయ్యి తిన్నావా?”

“నెయ్యెక్కడిదండీ. గంజి తాగి పనికెళ్ళేదాన్ని.”

“మెదడులో నీళ్ళు తీసేస్తే సగానికి పైగా కొవ్వే. నువ్వు తినకపోతే వాడికెక్కణ్ణించి వస్తుంది?”

ఆమె పిల్లాడి తల నిమురుకుంటూ వెళ్ళిపోయింది. ఆ మాట ఆమె అత్త చెవిన పడింది. “తన నోరు కట్టుకుని నా మనవడి నోరు కట్టేసింది” అని ఆ ముసలామె అంటుంటే గోడ ఇవతల ఎన్నిసార్లో విన్నాను. కాదని ఒక్కసారీ అనలేదు.

కొన్నేళ్ళకు లైబ్రరీలో చదువుతూ అలాగే ఉండిపోయాను. ఎదిగే మెదడు తల్లి తినే నేతి కోసం కాచుకుని కూర్చోదట. రక్తంలోని కొలెస్ట్రాల్‌ని దాదాపు లోపలికే రానివ్వదు. కావలసిన కొవ్వులో చాలా భాగం, అందిన చక్కెర నుంచే, తనకు తాను చేసుకుంటుంది. ఎలుకపిల్లలోనూ అంతే, మనిషి బిడ్డలోనూ అంతే. బయటి నుంచే రావలసినవి కొన్ని ఉన్నాయి, నిజమే. కానీ నెయ్యి తినకపోతే మాట రాదని ఏ పుస్తకమూ అనలేదు. ఇంకా కళ్ళు తెరవని, పేరైనా పెట్టని ప్రాణి, ఎవరూ నేర్పకుండా, తన నరాల చుట్టూ పొర మీద పొర చుట్టుకుంటుంది. మస్తాన్‌బీ తాగిన గంజి ఆ చిన్న తలలో అలా మెదడైంది. అంతటి అద్భుతం జరిగిన కడుపుకా నేను వంక పెట్టింది?

అప్పటికి వాళ్ళు ప్రత్తిపాడు వెళ్ళిపోయారు. తర్వాతొకసారి బస్టాండులో కనబడింది. పక్కన కొడుకు, పొడుగయ్యాడు, మాట లేదు. చంకలో పాప.

“దీనప్పుడు ముద్దముద్దకీ నెయ్యేసుకున్నానండీ. గలగలా మాట్లాడుద్ది. వీడికే అన్యాయం చేశా.”

నోరు తెరిచాను. ఏం అడ్డొచ్చింది? సిగ్గా, లెక్చరర్నన్న గర్వమా? వెళ్ళొస్తానని మాత్రం అన్నాను.

ఆమె తప్పేమీ లేదు. ఈ ముక్క రాసేసరికి నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆమెకింకా తెలియదు.