చల్లపల్లి ఇటుకబట్టీ దగ్గర అనకూడని మాట

మొన్న బుధవారం చల్లపల్లి వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు. పనికోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలకు కౌన్సెలింగ్ ఇవ్వడం నా ఉద్యోగం. ఆ ఊరి శివారు ఇటుకబట్టీలో ఒడిశా నుంచి వచ్చిన సుకాంతి కూతురు జ్వరంతో పోయింది. అప్పటినుంచి తల్లి మాట్లాడదు, అన్నం ముట్టదు. ఎవరైనా వచ్చి చూడండని అక్కడి పాస్టరు గారి భార్య రూతమ్మ గారు ఫోన్ చేశారు. ఇలాంటి పనిమీద వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని దారితో సహా రాస్తున్నాను.

విజయవాడ పటమటలో పొద్దున ఏడింటికి బందరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ లేదు. పామర్రులో దిగి చల్లపల్లి బస్సు పట్టుకోవాలి. పామర్రులో తిన్న ఇడ్లీకి చట్నీ నీళ్ళలా ఉంది, మీరు ఇంట్లోనే తిని బయల్దేరండి. దారంతా ముసురు. కోసిన వరి పనలు నీళ్ళలో నానుతున్నాయి. చల్లపల్లిలో ఆటో డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు.

"బట్టీ దగ్గరికా? అక్కడేముందండీ చూడ్డానికి? కోట చూపిస్తా రండి."

"మనుషులున్నారు బాబూ, పోనివ్వు," అన్నాను విసుగ్గా.

బట్టీ పక్క పేటలోనే ఉండే రూతమ్మ గారు గంజి డబ్బా పట్టుకుని నాతో వచ్చారు. "మా పేట ఆడవాళ్ళందరం వెళ్ళి పలకరించామండీ. సుకాంతి మొహం తిప్పేసుకుంటోంది. మేమేం చేశామో ఏంటో!"

సుకాంతి రేకుల గుడిసెలో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. తెలుగు వచ్చిన ఆమె భర్త రబి నా మాటలు ఒడియాలో చెప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. గంటసేపు కూర్చున్నాను. ఇన్నేళ్ళ నా అనుభవం గంగలో కలిసినట్టే అనిపించింది. చివరికి ఇద్దరం లేచి, ఏమీ అనకుండా గుమ్మం దాటాం. చావు జరిగిన ఇంట్లో "వస్తాం" అని చెప్పి లేవం కదా. అలా అంటే మళ్ళీ అలాంటి పనిమీదే రావాల్సొస్తుందని భయం. చర్చికెళ్ళే పేటలోనూ ఈ పట్టింపు పోలేదు.

ఆటో దాకా వచ్చామో లేదో, రబి పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, మాట్లాడింది! మీరు కూడా ఇంక రారా అని అడుగుతోంది."

"మేము కూడానా? అదేంటి?"

"ఇదివరకు ఇక్కడి ఆడోళ్ళు ఎప్పుడొచ్చినా వస్తాం, వస్తాం అని చెప్పి వెళ్ళేవాళ్ళు. పాప పోయాక ఎవరూ చెప్పట్లేదు. మమ్మల్ని వదిలేశారనుకుంటోంది."

రూతమ్మ గారు నోటిమీద చెయ్యి వేసుకున్నారు. "అయ్యో తల్లీ! నీ మంచి కోరే అనలేదు!"

నాకు ఏడుపొచ్చింది. మర్యాద అనుకుంటూ అందరం కలిసి ఆ పిల్లని ఒంటరిని చేశాం. వెనక్కి వెళ్ళి రబి చేత అంతా చెప్పించాం. సుకాంతి చాలాసేపు విన్నది. తర్వాత పాప గౌను ఒళ్ళోకి లాక్కుని, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. రూతమ్మ గారు పట్టిస్తే కాస్త గంజి తాగింది. అంతే. అంతకంటే ఆ రోజు ఇంకేమీ బాగుపడలేదు.

లేచేటప్పుడు గుమ్మంలో ఆగాను. మా అమ్మ వింటే చీవాట్లు పెట్టేది. "వచ్చే బుధవారం వస్తాను సుకాంతీ," అన్నాను. రూతమ్మ గారు ఒకసారి కళ్ళు మూసుకుని, "నేను రేపొస్తానమ్మా," అన్నారు.

తిరుగు బస్సులో ఆ మాటే గుండెల్లో గుచ్చుకుంటూ ఉంది. అనకూడనిది అన్నానన్న భయం ఇప్పటికీ పోలేదు. ఆ పాప తిరిగి రాదు, బట్టీ సీజను అయిపోతే వీళ్ళు ఎక్కడికి పోతారో తెలియదు. మీరు వెళ్తే మాత్రం ఫలానా రోజు వస్తానని చెప్పి లేవండి. సాయంత్రం చల్లపల్లిలో బస్సులు పల్చబడతాయి, చీకటి పడకముందే పామర్రు చేరుకోండి. ఇక్కడ ముసురు ఇంకా తగ్గలేదు. అయినా బుధవారం నేను వెళ్ళాలి. చెప్పి వచ్చాను.