చెప్పులు చూసి వేసిన బిల్లు

మా బావ మంచివాడు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత నేను తిట్టబోయేది కూడా ఆయన్నే కాబట్టి. మంచివాడు, పనిమంతుడు, మా అక్కంటే ప్రాణం పెడతాడు. పాము పగ పన్నెండేళ్ళంటారు. మా బావ పగ ముందు పాముది ఉత్త మతిమరుపు.

ఆయన చెప్పులు కుడతాడు. రెండు వీధులు కలిసే మూల, మందుల షాపు పక్కన, ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడి తీరాల్సినంత కొట్టు. గోడకి వరసగా చెక్క అచ్చులు, కింద తోలు ముక్కలు, మైనం పూసిన దారపు ఉండలు. ఆరె పట్టుకుని తోలుకి కన్నాలు పొడుస్తున్నప్పుడు మనం వెళ్ళి ఎదురుగా నిలబడ్డా చూడడు, కాళ్ళు మాత్రం చూస్తాడు. నన్నే ఒకసారి “ఎడమ మడమ అరిగింది, విప్పి ఇవ్వండమ్మా” అన్నాడు. “నేను బావా, నీ మరదల్ని” అంటే, “మరదలైతే మాత్రం మడమ అరగదా?” అని చెయ్యి చాపాడు.

రోజూ వచ్చేవి రిపేర్లే. తెగిన పట్టీలు, నోరు తెరిచిన బూట్లు. కొందరు ఇచ్చిపోయి మళ్ళీ రారు. ఆ జోళ్ళన్నీ ఒక గోనెసంచిలో వేసి మూలన పెట్టేవాడు. పారెయ్యమంటే ఒప్పుకోడు. “కాళ్ళున్నవాళ్ళేగా, ఎప్పటికైనా వస్తారు” అంటాడు.

కొత్త జోడు కుట్టే అవకాశం అరుదు. అలాంటి అవకాశం తనే కల్పించుకుని ఒకసారి అక్కకి కుట్టాడు. లేత గోధుమరంగు తోలు, దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో కనిపించని కుట్టు. పెద్ద షాపు అద్దాల వెనక పెట్టినా అక్కడివాటికి తలవంపులు తెచ్చే జోడది. అక్క వాటిని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. “కాళ్ళకి నగలు పెట్టుకున్నట్టుంటుంది, నాకు సిగ్గే” అనేది.

ఆ సిగ్గు అలాగే ఉండనిచ్చి ఉంటే బాగుండేది. అక్కకి కింది దవడ పన్ను సలపడం మొదలైంది. మందుల షాపు పైఅంతస్తులోనే పళ్ళ డాక్టరు. వెళ్ళే రోజున బావ స్వయంగా బీరువా తీసి ఆ జోడు బయటపెట్టాడు. “పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తున్నావు. ఆ రబ్బరు చెప్పులతో వెళ్తే నా పరువేం కాను? ఇవి వేసుకో” అన్నాడు. చెప్పులు కుట్టేవాడు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది.

తోడు నేనే వెళ్ళాను. పైన అద్దాల తలుపు, దాని బయట చెప్పుల స్టాండు, లోపల గోడవారగా కుర్చీలు, కౌంటరు దగ్గర ఒకావిడ. మేం చెప్పులు విడుస్తుంటే డాక్టరు వాష్‌బేసిన్ దగ్గర చేతులు కడుక్కుంటూ ఇటే చూస్తున్నాడు. ఎంత మర్యాదస్తుడో, వచ్చినవాళ్ళని గుమ్మంలోనే పలకరిస్తున్నాడనుకున్నాను. అక్కని కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో లైటు వేసి, “పెద్ద ట్రే” అని కౌంటరు వైపు కేకేశాడు. అది పనిముట్ల గురించి కాబోలనుకున్నాను.

రూట్ కెనాల్ చేశాడు. నొప్పి తగ్గింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పంటి మీద తాత్కాలికంగా ఏదో సిమెంటు పెట్టి, క్యాపు తర్వాత వేస్తానన్నాడు. అప్పుడు చేతికొచ్చింది బిల్లు. మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ అదే నెలలో, అదే డాక్టరు దగ్గర, అదే దవడ పంటికి అదే పని చేయించుకుంది. మా బిల్లు ఆవిడ బిల్లుకి సరిగ్గా రెట్టింపు.

బావ మధ్యాహ్నం కొట్టు వదిలి పైకి వెళ్ళాడు. నేనూ వెంటపడ్డాను. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి.

“డాక్టర్ గారూ, ఇస్త్రీ ఆవిడకి వేసినంతే మాకూ వెయ్యండి. అంత ఇచ్చేశాను కదా” అన్నాడు బావ, మెత్తగానే.

“కేసుకీ కేసుకీ తేడా ఉంటుంది. అవన్నీ నీకు అర్థం కావు. మిగతాది కడితే క్యాపు వేస్తాను.”

“తేడా ఏమిటో చెప్పండి, అర్థం చేసుకుంటాను.”

డాక్టరు గొంతు పెంచాడు. “పెళ్ళానికి అంత ఖరీదైన చెప్పులు కొనడానికి డబ్బులుంటాయి. పంటి దగ్గరికొచ్చేసరికి బీద అరుపులు అరుస్తారు. ఇదిగో, ఇలా ఎగ్గొట్టేవాళ్ళ వల్లే మిగతావాళ్ళకి రేట్లు పెరిగేది.”

కుర్చీల్లోవాళ్ళంతా బావ వైపు తిరిగారు. ఆయన వెనక్కి తిరిగి తలుపు వైపు నడిచాడు. ఆ చెప్పులు కొన్నవి కావని కూడా చెప్పలేదు. మెట్లు దిగుతుంటే ఆయన చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. తను ప్రేమగా కుట్టిన జోడే పెళ్ళాం నెత్తిన బిల్లయి కూర్చుందన్న మాట ఆయనకి మింగుడు పడలేదు.

తెగిన పట్టీ కుట్టించుకోవడానికి వచ్చి కౌంటరావిడ అసలు సంగతి చెప్పింది. “ఆయన స్టాండు చూసే రేటు వేస్తాడు. పెద్ద ట్రే అంటే రెట్టింపు, చిన్న ట్రే అంటే మామూలు. నేను చెప్పానని అనకండి, నా ఉద్యోగం పోతుంది.” బావ ఆమె పట్టీకి రెండు వరసలు కుట్టి ఊరికే ఇచ్చాడు.

మర్నాడు మెట్ల మొదట్లో ఒక పలక వేలాడింది. ‘పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు మంచి చెప్పులు ఇక్కడ భద్రంగా పెట్టి, పాతవి వేసుకుని వెళ్ళండి. అద్దె లేదు. ఎందుకో అడిగితే చెబుతాను.’ గోనెసంచి బోర్లించి, ఎప్పటికీ రాని కాళ్ళ జోళ్ళన్నీ వరసగా పేర్చాడు.

అందరూ అడిగారు, అందరికీ చెప్పాడు. ఇక చూడాలి ఆ వైభోగం. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకున్న బ్యాంకు ఆఫీసరు రెండూ ఎడమకాలివే తగిలించుకుని మెట్లెక్కాడు. చేతినిండా బంగారం ఉన్న ఒకావిడ వేలు బయటికొచ్చే రబ్బరు చెప్పుల్లో వెళ్ళి, చిన్న ట్రే బిల్లుతో పాటు ఉచితంగా మాత్రలు కూడా పుచ్చుకుని దిగింది. దిగినవాళ్ళందరూ బిల్లు బావకి చూపించి నవ్వేవారు. బావ నవ్వేవాడు కాదు. వేటగాడు వల వైపు చూసినట్టు మెట్ల వైపు చూసేవాడు. ఆ రోజుల్లో ఆయన కళ్ళలో అంత తృప్తి పెళ్ళిలో కూడా నేను చూడలేదు.

ఇందులో మా అక్క పాత్ర ఏమిటంటే, నోరు తెరవడం. మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని కొట్టుకి వచ్చేది. ఎవరైనా నమ్మకపోతే బావ పిలిచేవాడు. “ఏమే, ఇలా రా. వీళ్ళకి చూపించు.” అక్క వంగి నోరు తెరిచేది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తొంగి చూసి, “అయ్యో, సగంలో వదిలేశాడే!” అనేవారు. అక్క మొహం తుడుచుకుని గిన్నెలు సర్దుకునేది. ఒక పక్కనే నమిలేది. సిమెంటు అంచులు రాలుతున్నాయని నాతో చెప్పింది.

“నువ్వే వెళ్ళి మిగతాది కట్టేసి క్యాపు వేయించుకోవే. నేనిస్తా డబ్బు” అన్నాను.

“ఇంతమందిలో ఆయన ఇంత చేశాక నేను చాటుగా వెళ్ళి కడితే, ఆయన తల ఎక్కడ పెట్టుకుంటారు?” అంది. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరుగుతాయి. దూడ మాత్రం ఆంబోతు పరువు గురించి ఆలోచిస్తోంది.

డాక్టరుకి అనుమానం రావడానికి కారణం ఒక ఆకుపచ్చ పట్టీల జోడు. ఒకే రోజు అది నాలుగు రకాల కాళ్ళ మీద మెట్లెక్కింది. అయిదోసారి వచ్చినప్పుడు ఆయన ఆ జోడు పట్టుకుని తనే కిందికి దిగాడు. పలక చదివాడు. చుట్టూ చూశాడు. జనం ఉన్నారు. అక్క కూడా అక్కడే ఉంది.

ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు. “చూడు బాబూ, మీ ఆవిణ్ణి ఇప్పుడే పైకి పంపు. క్యాపు వేసేస్తా. పైసా అడగను. నువ్వు ఆ పలక తీసెయ్. ఆ పన్ను ఇంక ఆగదు, పగులుతుంది.”

ఆయన నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క నిజం ఆ చివరి మాట. అక్క అప్పటికే చెంగుతో చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, మెట్ల వైపు ఒక అడుగు వేసింది.

“ఆగవే” అన్నాడు బావ. డాక్టరు వైపు తిరిగాడు. “ఆ రోజు అందరి ముందూ నన్ను ఎగ్గొట్టేవాణ్ణన్నావు. ఈ రోజు అందరి ముందూ చెప్పు, చెప్పులు చూసి బిల్లు వేశానని. అప్పుడు పంపుతా.”

“నేను డాక్టర్ని.”

“నేను దీని మొగుణ్ణి.”

డాక్టరు ఆకుపచ్చ జోడు అక్కడే పడేసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో బావ భుజం తట్టారు. అక్క వేసిన అడుగు వెనక్కి తీసుకుని, క్యారియర్ గిన్నెలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుంది.

“బావా, పన్ను దానిది” అన్నాను, ఒళ్ళు మండి.

“నీకు తెలీదు మరదలా. ఇంకొక్క వారం. వాడే వచ్చి కాళ్ళు పట్టుకుంటాడు.”

వారం కాకుండానే ఆ పన్ను నిలువునా పగిలింది. రెండు రోజుల్లో దవడ ఉబ్బి, ఒక కన్ను మూసుకుపోయింది. బావకి చెప్పకుండా అక్కని ఆటో ఎక్కించి ఊరవతల ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మా కాళ్ళ వైపు చూడనే లేదు. “క్యాపు వేసి ఉంటే నిలిచేది. ఎందుకింత ఆలస్యం చేశారు?” అంది. ముక్కలు ముక్కలుగా పీకేసింది.

తిరిగొచ్చేసరికి బావ కొట్టు దగ్గర నలుగురు పోగై ఉన్నారు. అక్క మొహం చూడగానే ఆరె కింద పడేసి లేచాడు. సంగతి చెప్పాను. ఆయన మొహంలో రంగు పోయింది. అక్కడితో ఆగి ఉంటే నేనూ క్షమించేదాన్ని. కానీ మరుక్షణంలోనే చెయ్యి చాపాడు. “ఏదీ, ఆ పన్నేదీ? ఇలా ఇవ్వు. పలకకి కట్టి వేలాడదీస్తా. ఊరంతా చూడాలి వాడి నిర్వాకం!”

అక్క దవడలోంచి దూది తీసింది. దాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. మాట ముద్దగా వచ్చినా అందరికీ వినిపించింది.

“డాక్టరు నా పంటికి డబ్బులడిగాడు. మీరు పన్నే అడుగుతున్నారు.”

ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. బావ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున ఆయనే పలక విప్పేశాడు. అక్క వచ్చి మళ్ళీ కట్టింది. “నా పన్ను పోయింది సగం వాడి వల్ల. ఆ సగానికి ఇది ఉండాల్సిందే. మిగతా సగం సంగతి ఇంట్లో చూసుకుంటాను” అంది.

డాక్టరు స్టాండు తీసేశాడు. చేతి గడియారాలు చూడ్డం మొదలుపెట్టాడు. జనం గడియారాలు కూడా అక్కకి అప్పగించి వెళ్ళారు. అక్క ఎవరికీ నోరు తెరిచి చూపించలేదు. ఉబ్బు దిగిన దవడతో మెట్ల మొదట్లో ఊరికే కూర్చునేది, ఆయన కారు దిగినప్పుడల్లా కళ్ళలోకి చూసేది. చివరికి కౌంటరు వెనక గోడ మీద ఏ పనికి ఎంతో రాసిన బోర్డు వెలిసింది. అక్క పైకి వెళ్ళి నాచేత చదివించుకుంది. రూట్ కెనాల్, క్యాపుతో కలిపి, ఇస్త్రీ ఆవిడ కట్టినంతే. డాక్టరు తల వంచుకుని ట్రేలు సర్దుకుంటున్నాడు. కిందికొచ్చి అక్క పలక విప్పేసింది.

ఇంట్లో శిక్ష మాత్రం ఆగలేదు. పన్ను పీకించుకున్న రోజు నుంచి ఆ ఇంట్లో నమలాల్సిన పదార్థం వండటం మానేసింది. ఏదైనా సరే, ఉడికించి, నలిపి, గుజ్జు చేసి వడ్డిస్తుంది. కూరేదో అన్నమేదో కంచంలో చూసి చెప్పలేం. బావకి ముప్ఫై రెండు పళ్ళూ ఇనుములా ఉన్నాయి. ఏమీ అనకుండా తినేవాడు. బయట తిని వస్తే అక్కకి తెలిసిపోయేది, ఆ రోజు గుజ్జు ఇంకాస్త ఎక్కువ వడ్డించేది.

చాలా నెలల తర్వాత ఒకరోజు నేను వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. నాకు విడిగా వండింది. నేను కరకరలాడిస్తుంటే బావ నా కంచం వైపే చూస్తున్నాడు. చూసి చూసి, చిన్న గొంతుతో అడిగాడు.

“ఇంకెన్నాళ్ళే ఇలా?”

అక్క ఆయన కంచంలో ఇంకో గరిటె వేసింది.

“నా పన్ను మళ్ళీ మొలిచేదాకా” అంది.