చెయ్యి ఎత్తకముందు మాటలు

పుంగనూరులో మేం రికార్డింగుకు తీసుకున్న గదిలో ఫ్యాను ఉండేది. వేసేవాళ్లం కాదు. ఆ చప్పుడు మైకులో పడుతుంది. కిటికీలకు కంబళ్లు కట్టి, తలుపు కింద సందులో పాత గుడ్డలు కుక్కి, ఆ ఉడుకులో మనుషుల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి వాక్యాలు చదివించేవాళ్లం. మధ్యాహ్నానికి చొక్కా వీపుకు అతుక్కుపోయేది. ఎవరూ మాట్లాడుకునేవాళ్లం కాదు, మాట్లాడే పని లోపల కూర్చున్నవాళ్లది.

పత్రికలో పని చాలించుకుని ఇంటిపట్టున ఉన్నవాణ్ణి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నేను విలేకరిగా తిరిగిన ఊళ్లని తెలిసి ఒక యూనివర్సిటీ ప్రొఫెసరు ఫోన్ చేశాడు. మాటల్నీ శబ్దాల్నీ కంప్యూటరుతో పరిశోధించే బృందం ఆయనది. రైతు ఫోన్లో తన మాటల్లో ఏదైనా అడిగితే అర్థం చేసుకునే యంత్రం తయారు చేస్తున్నారట. దానికి మాట నేర్పాలంటే ముందు మనుషుల మాటలు వినిపించాలి. మా పిల్లలు వస్తారు, మనుషుల్ని చూపించండి చాలు అన్నాడు.

వచ్చింది ఇద్దరు. పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, మైకులూ తీగలూ చూసుకునే ఇంజినీరు. ముగ్గురం ఆ మూడు ఊళ్లూ, చుట్టుపక్కల పల్లెలూ తిరిగి మనుషుల్ని పుంగనూరు గదికి పిలిచాం. అమ్మాయిది కృష్ణా డెల్టా. ఆ వేసవి దాటితే ఆమె థీసిస్ గడువు ముగుస్తుంది. పొడిగింపు ఒకసారి అయిపోయింది, ఇంకోసారి ఇవ్వరు. ఈ యంత్రం పనిచేస్తేనే ఆమెకు రాయడానికి ఏదైనా ఉంటుంది. ఇంజినీరుకు ఆ బాధ లేదు, అందుకే వాడు జోకులు వేయగలిగేవాడు.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. చదివించే ముందు గొంతు ఎంత పెద్దదో చూసుకోవాలి. దానికి ఏదో ఒకటి మాట్లాడించాలి. "పొద్దున ఏం తిన్నారు?" అని అమ్మాయి అడిగేది. అవతలివాళ్లు చెబుతుంటే ఇంజినీరు మీటలు తిప్పి సరిచేసుకుని చెయ్యి ఎత్తేవాడు. చెయ్యి ఎత్తినప్పటి నుంచే రికార్డింగు అని కూర్చున్న ప్రతివాళ్లకూ ముందే చెప్పేవాళ్లం. అంతకు ముందున్నదాన్ని కంప్యూటరు తనంతట తానే కత్తిరించేసేది.

మదనపల్లె మార్కెట్లో టమోటా మండీ నడిపే ఆయన ఇట్లా మొదలుపెట్టాడు: "తినేది యాడమ్మా, తెల్లారితే లారీలు వచ్చి నిలబడతాండాయి. ఇడ్లీ తెప్పించినా, అది ఆడనే ఉండాది, ఈగలు తింటాండాయి." చెయ్యి లేచింది. ఆయన కాలరు సర్దుకుని, గొంతు సవరించుకుని, "రైతు తన పొలమునకు నీరు పెట్టెను" అని బడిపిల్లాడిలా చదివాడు. మేం రాసిచ్చిన వాక్యం అట్లా లేదు. 'పొలానికి', 'పెట్టాడు' అనే ఉంది. ఎదురుగా మైకు ఉంటే నాలుక దానంతటదే మారిపోతుంది కాబోలు. అందరూ అంతే. మేం పట్టించుకోలేదు. గొంతు స్పష్టంగా ఉంది, చప్పుడు లేదు, ఇంకేం కావాలి అనుకున్నాం.

ఆ రికార్డింగులతో యంత్రానికి నేర్పించాక పరీక్ష కుప్పంలో పెట్టాం. పాలకేంద్రం దగ్గర ఒక ఆవుల రైతుకు ఫోన్ ఇచ్చి, ఏదైనా అడగమన్నాం.

"నిన్నట్నుంచి ఆవు మేత ముట్టకుండా ఉండాది. ఏం సెయ్యల్ల?" అన్నాడు.

దయచేసి మళ్లీ చెప్పండి, అంది ఫోన్. చెప్పాడు. మళ్లీ చెప్పమంది.

"ఏమమ్మా, మీ మిషనుకు తెలుగు రాదా?"

ఇంజినీరు తల గోక్కుంటూ, "కొంచెం పుస్తకంలో మాదిరిగా చెప్పండప్పా" అన్నాడు. రైతు నిటారుగా నిలబడి, "నా యొక్క ఆవు నిన్నటి నుండి మేత మేయుట లేదు" అన్నాడు. ఒక్క అక్షరం పోకుండా తెర మీద వచ్చింది. పాలు పోయడానికి వచ్చినవాళ్లు పగలబడి నవ్వారు. "ఏమప్పా, కలెక్టరు మాదిరి మాట్లాడతాండావు!" అన్నాడు ఒకాయన. "ఇట్లా మాట్లాడితే మా ఆవు నన్ను దగ్గరికి రానీదు" అన్నాడు రైతు.

అమ్మాయి నవ్వలేదు. ఫోన్ సంచిలో పెట్టుకుని, పక్కనున్న అరుగు మీద కూర్చుంది.

మర్నాడు ఉదయం లాడ్జి వరండాలో చెవులకు పెట్టుకున్నవి తీసి నాకు ఇచ్చింది. "వినండి సార్." కత్తిరించక ముందున్న అసలు రికార్డింగులు, ఇంకా చెరిపేయలేదు. ఇడ్లీ, సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, బస్సు దొరక్క పడ్డ తిప్పలు, కోడలి మీద సాధింపులు. మాకు కావలసిన మాటంతా అక్కడుంది. మేం పనికిరాదని పారేసిన చోట.

ప్రొఫెసరుకు ఫోన్ చేసింది. ఆయన సంతోషపడ్డాడు. "ఇంకేం, వాడెయ్. రికార్డింగుకు ఒప్పుకునే కదా కూర్చున్నారు?"

"చెయ్యి ఎత్తాకే రికార్డింగు అని చెప్పాం సార్. అంతకు ముందువి మామూలు మాటలనుకున్నారు."

"నీ గడువు గుర్తుందా?"

"ఉంది సార్. అడిగి వస్తాను."

ఇంజినీరు నెత్తి పట్టుకున్నాడు. "మేడమ్, మూడు ఊళ్లూ మళ్లీ తిరగాలా? నేను ఇంజినీరునా, ఓట్లు అడిగే మనిషినా?" అయినా సంచి సర్దుకున్నాడు. నేనూ బయలుదేరాను. నా మోకాళ్లకు ఆ బస్సులు పడలేదు. ఎవరి మాట వాళ్లకే వినిపించి, వాడుకోవచ్చా అని అడగడం. సదుంలో ఒకాయన తన గొంతు విని, "ఇది నేను కాదు, మా నాయన" అని వాదించి చివరికి ఒప్పుకున్నాడు. మండీ ఆయన, "రేట్ల సంగతి ఉంటే తీసెయ్యమ్మా, ఈగలవి ఉండనీ" అన్నాడు. కొందరు ఊళ్లో లేరు, కొందరు ఆలోచించుకుని చెప్తామన్నారు.

మిగిలింది పెద్దపంజాణి దగ్గరి పల్లెలో ఒక పెద్దమ్మ. వాక్యాలు చదవాలి కాబట్టి చదువు రాని పెద్దవయసు ఆడవాళ్లను మేం తీసుకోలేదు. చదవగలిగినవాళ్లలో ఆ వయసు మనిషి ఈమె ఒక్కతే. చెయ్యి ఎత్తకముందు అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడిందీ ఈమే. అంత చక్కటి మాట మా దగ్గర ఇంకొకటి లేదు.

పశువుల కొట్టం ముందు నులకమంచం వేసి కూర్చోమంది. వినిపించాం. పొద్దున సంగటి ఒక ముద్దే అయిందనీ, అది మొగుడికి పెట్టి, తాను తిన్నానని చెప్పి నీళ్లు తాగి వచ్చాననీ ఆ మాటల్లో ఉంది. మొదట నవ్వుతూ విన్నది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఇది ఎవురెవురు వింటారు పాపా?"

"ముందు మిషను వింటుందమ్మా. తర్వాత మావాళ్లు కొంతమంది. పేరు ఉండదు."

"పేరు లేకుంటే గొంతు ఉండాది గదా. మా ఆయనకు తెలీదు నేను తినలేదని. వద్దు. నువ్వు ఏం తింటివి అని అడిగినావు, ఆడబిడ్డవు కదా అని చెప్తి. మిషనుకు గాదు."

అమ్మాయి పెద్దమ్మ ఎదురుగానే రికార్డింగు చెరిపేసి, ఖాళీ అయిందని తెర చూపించింది. ఇంజినీరు అటు తిరిగి దూడను నిమురుతున్నాడు. పెద్దమ్మ మాకు మజ్జిగ ఇచ్చింది. ఉప్పు ఎక్కువైంది. తాగాం.

రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డప్పుడు అమ్మాయి ప్రొఫెసరుకు చెప్పింది. "ఒప్పుకున్నవాళ్ల మాటలతోనే మళ్లీ నేర్పిస్తాను సార్. మగవాళ్ల మాట చాలావరకు పట్టుకుంటుంది. పెద్దవయసు ఆడవాళ్ల మాట పట్టుకోదు. థీసిస్‌లో అట్లాగే రాసేస్తాను."

ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. ఆమె చాలాసేపు వింటూ నిలబడింది. ఒక ఆటో ఆగి, మేం ఎక్కకపోవడం చూసి వెళ్లిపోయింది.

థీసిస్ గడువులోపలే ఇచ్చింది. ఒక కాపీ నాకు పంపింది. దాంట్లో లెక్కలు నాకు అర్థం కావు. చివర్లో ఉన్న ఆ ఒక్క వాక్యం మాత్రం చదివాను: ఆ ప్రాంతపు వృద్ధ స్త్రీలు ఫోన్ చేసి ఏదైనా అడిగితే ఈ యంత్రం జవాబు చెప్పలేదు.