మునివెంకటప్పల పశువులన్నీ ఒకేసారి ఈనిన రోజు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నా వయసు చాలదని మా అమ్మ నవ్వుతుంది. అయినా వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష నేర్చుకున్న ఆ మొదటి ఏడాదిని తలుచుకుంటే నాకు ఆ మాటే నోటికొస్తుంది. బంగారు గనులు మూతబడ్డాక మా కేజీఎఫ్‌లో ఉద్యోగమంటే రైలు. పొద్దు పొడవకముందే మారికుప్పంలో ఎక్కడం, బెంగుళూరులో దిగడం, చీకటి పడ్డాక నిద్రమొహంతో ఇల్లు చేరడం. "కాస్త జరగండి" అని పక్కవాళ్ళను అడగడానికే గొంతు పెగలని నాకు ఆ రైలంటే హడల్. అందుకే రాబర్ట్‌సన్‌పేటలో ఒక బేకరీ మీద ఉన్న ఒంటిగది ఆఫీసులో చేరాను. అక్కడ వెబ్‌సైట్లు చేసేవాళ్ళు. (చేసేవాళ్ళు అంటే మా సారు, నేను. కింద నుంచి వచ్చే బన్నుల వాసన మూడో ఉద్యోగి.) మా సారుకు నేను మనసులో పెట్టుకున్న పేరు 'లోకల్‌హోస్ట్ సారు'. ఆయన చేసిన ప్రతిదీ ఆయన కంప్యూటర్లో మాత్రమే పనిచేసేది. బయట ఎక్కడ పనిచేయకపోయినా, "నా మిషన్లో వస్తా ఉండాది గదమ్మా!" అని ఆశ్చర్యపోయేవారు.

మా అమ్మకు ఆ ఉద్యోగం మీద నమ్మకం లేదు. "ఉగాది దాకా చూస్తాను. అంతలోపల నీ పని నిలబడ్తే సరి. లేదంటే మారుమాట లేకుండా పిన్ని కూతురు జతలో మన కోలారు పక్క నరసాపురం ఫ్యాక్టరీ బస్సెక్కు" అని తేల్చేసింది. ఫ్యాక్టరీ పని తక్కువని కాదు. నోరు విప్పకుండా మాట్లాడగలిగే పని ఒకటి నా జీవితంలో మొదటిసారి దొరికింది, దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు. కంప్యూటరుకు నేను చెప్పింది నచ్చకపోతే ఎర్రక్షరాల్లో తిడుతుంది. కానీ పదిమందిలో తిట్టదు. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది.

ఆ తిట్లన్నీ రాత్రి డైరీలో ఎక్కించుకునేదాన్ని. ఒకసారి లాగిన్ పేజీ ఎంతకీ ముందుకు కదల్లేదు. వారమంతా వెతికితే, ఫైలు మొదట్లో నేను అందంగా ఉంటుందని వదిలిన ఒక ఖాళీ వరుస వల్ల అని తేలింది. అసలు చెప్పాల్సిన మాటకంటే ముందు ఆ ఖాళీ వరుస బయటికి వెళ్ళిపోయిందట. ఇంకోసారి ఒక రైతు సంఘం పేజీకి కన్నడంలో రాసిన పేర్లన్నీ డేటాబేస్‌లోకి వెళ్ళి ప్రశ్నార్థకాలుగా తిరిగొచ్చాయి. మా సారు వాటిని చూసి, "రైతులకు అన్నీ డౌట్లే ఉండాయేమో" అన్నారు. అక్షరాలను ఏ పద్ధతిలో దాచాలో డేటాబేస్‌కు ముందే చెప్పి ఉంచాలని నేనే కనిపెట్టి సరిచేశాను. ఆ రోజు బేకరీలో నాకు నేనే తీపి కొబ్బరి పెట్టిన దిల్‌పసంద్ ఒకటి కొనిపెట్టుకున్నాను.

ఇక్కడ మా తాతను పరిచయం చేయాలి. మా అమ్మకు నాన్న. గనిలో పనివాళ్ళ హాజరు రాసే టైమాఫీసులో గుమాస్తాగా చేశారు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. గని మూతబడ్డా మా తాత లోపల ఆ ఆఫీసు మూతపడలేదు, తన బిళ్ళను తెచ్చి మా గడప మీద కొట్టుకున్నారు. వీధిలో పాతవాళ్ళెవరైనా కనబడితే పేరు గుర్తురాదు, నంబరు పెట్టి పిలుస్తారు, వాళ్ళూ పలుకుతారు. మనవళ్ళకూ మనవరాళ్ళకూ పుట్టిన వరసలో నంబర్లిచ్చారు. నేను 'మూడో నంబరు'. స్నేహితురాళ్ళ ముందు "ఏం మూడో నంబరూ, అన్నం తిన్నావా?" అని కేకేస్తే నాకు గడప కింద దూరిపోవాలనిపించేది.

ఉగాది ఇంకొన్నాళ్ళు ఉందనగా మాకొక పని వచ్చింది. కురుడుమలె పక్క పల్లెల్లో ఒక పశువుల డాక్టరు వ్యాన్‌లో తిరిగి ఇంటింటికీ వైద్యం చేసేవారు. రైతులు పేరు, పశువు, జబ్బు చెబితే పేజీలో ఎక్కాలి, ఆయన అది చూసుకొని ఆ ఇంటికి వెళ్ళాలి. "ఫోన్లో చెప్తారు, నేను ఇంగొకరింటికి పోతా ఉండాను. ఒక బాధ కాదు" అన్నారాయన. ఆ వివరాలు దాచే టేబుల్ మా సారే గీసిచ్చారు. మనిషిని గుర్తుపట్టడానికి అందులో ఉన్నది పేరు ఒక్కటే, ఒక పేరు ఒక్కసారే ఎక్కేటట్టు. "మనిషికి పేరు కంటే గుర్తేముందమ్మా?" అన్నారు. ఆఫీసులో మేము పరీక్షకు పెట్టుకున్న పేర్లన్నీ వేరువేరు కాబట్టి అంతా చక్కగా నడిచింది.

ఒక ఆదివారం ఊళ్ళో బడి వరండాలో రైతులందరినీ కూర్చోబెట్టి చూపించే ఏర్పాటు. సిగ్నల్ లేదు కాబట్టి అంతా లాప్‌టాప్‌లోనే. (మా సారు ముఖం వెలిగిపోయింది. ఆయన మిషన్, ఆయన రాజ్యం.) మొదట పెద్ద తలపాగా ఆయన లేచాడు. పేరు మునివెంకటప్ప, ఆవు నిండు చూలు. ఎక్కించాను. చప్పట్లు. రెండో ఆయన వచ్చాడు. ఆయన పేరూ మునివెంకటప్పే, పొట్టేలుకు కాలు వాచింది. నొక్కగానే ఎర్రక్షరాలు. ఈయన ముందే ఉన్నాడంది పేజీ.

"ఉండానంటనా?" అన్నాడాయన కళ్ళింతలు చేసి. "నేనిప్పుడే గదమ్మా వచ్చింది! నాకంటే ముందు నేను యాడ వచ్చినాను?"

తలపాగా ఆయన, పొట్టేలాయన అన్నదమ్ముల బిడ్డలట. ఇద్దరికీ ఒకే తాత పేరు పెట్టారు. ఆ తాత కన్న కొడుకులు ఎందరో, వాళ్ళందరూ భక్తిగా తమ కొడుకులకు తండ్రి పేరే పెట్టారు. వరండాలో సగం మంది మునివెంకటప్పలే. ఇంటిపేరు లేదు, పేరు ముందు రాసే ఇనీషియల్సూ కలిసిపోతాయి. మా సారు నా చెవిలో, "ఆ కట్టు తీసెయ్యమ్మా. ఒక పేరు ఎంతమందికైనా ఉండనీ" అన్నారు. తీసేశాను. మునివెంకటప్పలందరూ వరసగా ఎక్కారు. మళ్ళీ చప్పట్లు.

అంతలో తలపాగా ఆయన భార్య పరుగున వచ్చింది. "ఏమప్పా, ఈడ కూర్చోనుండావా? ఆవు ఈనింది! పెయ్యదూడ!"

"మార్చమ్మా, చూస్తాము" అన్నారు డాక్టరు. నేను మునివెంకటప్ప అన్న పేరున్న చోట 'ఈనింది, పెయ్యదూడ' అని మార్చమని ఆజ్ఞ రాసి నొక్కాను. మా సారు లాప్‌టాప్ అందుకొని గర్వంగా, గట్టిగా చదవడం మొదలుపెట్టారు. "మునివెంకటప్ప, ఈనింది, పెయ్యదూడ. మునివెంకటప్ప, ఈనింది, పెయ్యదూడ. మునివెంకటప్ప..." ఆయన గొంతు మెల్లమెల్లగా సన్నబడింది. వెనక నుంచి ఎవరో చెయ్యెత్తారు.

"సార్, నాది పొట్టేలు సార్."

వరండా కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వారు. "దూడకు పాలు యాడివిరా?" అని ఒకరు, "వాపు కాలికి కాదు, కడుపుకుండేనేమో!" అని ఇంకొకరు. డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఇట్లయితే ఇది లేకుండా ముందే నేను బాగుండాను గదప్పా. అన్నాలయ్యేలోపల సరిచేసేదయితే చెయ్యండి, లేదంటే వద్దు" అని లేచారు. మా సారు నన్ను పక్కకు పిలిచి నీళ్ళు నమిలారు. "ఇది పోతే నిన్ను పెట్టుకునేకి నాకు కాదు తల్లీ." నాకు నరసాపురం బస్సు హారను వినబడింది.

మా సారు ఊరికే ఉండలేదు, పాపం. ఫోను నంబరుతో గుర్తుపడదామన్నారు. "ఫోను నా కొడుకుది, వాడు ఫ్యాక్టరీలో ఉండాడు. ఇంట్లో అందరిదీ అదే" అన్నాడు పొట్టేలాయన. అయితే ఊళ్ళో పిలుచుకునే అడ్డపేర్లు రాద్దామని, వాటిని అడిగే పని నాకు అప్పగించారు. నేను నేల చూపులు చూస్తూ తలపాగా ఆయనను అడిగాను. ఆయన చెప్పేలోపల వెనక నుంచి, "నిద్ర మునివెంకటప్ప!" అని కేక. "ఎవుర్రా నాకు ఆ పేరు పెట్టింది? రా ముందుకి!" అని ఆయన కండువా దులిపి లేచాడు. అడ్డపేరు ఊరందరికీ తెలుస్తుంది కానీ ఎవరూ తమ నోటితో చెప్పుకోరని నాకు అప్పుడు అర్థమైంది.

అందరూ భోజనాలకు లేచారు. నేను లాప్‌టాప్ తీసుకొని తరగతి గదిలో పిల్లల బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నాను. ఏడవాలనిపించింది. ఏడ్చే ముందు ఒక్కసారి తీరిగ్గా ఆలోచిద్దామనుకున్నాను. (ఇది నా పాత అలవాటు. చాలాసార్లు ఏడుపు వాయిదా పడిపోతుంది.) ఇందరు మునుసామిలు, ఇందరు మునియప్పలు గనిలో మాత్రం లేరా? మరి మా తాత ఒకరి హాజరు ఇంకొకరికి ఎప్పుడైనా వేశారా? మా ఇంట్లో గడప మీద కొట్టి ఉన్న ఆ ఇత్తడి బిళ్ళ కళ్ళ ముందుకొచ్చింది. "ఒకరి నంబరు ఇంగొకరికి ఇయ్యకూడదు. మనిషి పోయినా సరే" అని అన్నం తింటూ కూడా చెప్పే మనిషి మా తాత. నేను సిగ్గుపడిన ఆ అలవాటే నాకు కావలసిన జవాబు. పొద్దున ఎక్కించిన పేర్లన్నీ తీసేసి, టేబుల్‌లో పేరుకు ముందు ఒక నంబరు చేర్చాను. కొత్తవాళ్ళు వచ్చేకొద్దీ డేటాబేస్ తనంతట తానే తరువాతి నంబరు ఇస్తుంది. పేరు ఎవరిదైనా కానీ, మార్చేది ఆ నంబరు చూసి. పరీక్షకు నా పేరే ఎక్కించుకొని, సరిగ్గా వచ్చాక చెరిపేశాను.

భోజనాలయ్యాక మా సారు, "నువ్వే చెప్పమ్మా, నాకు అర్థం కాలేదు" అని నన్ను ముందుకు నెట్టారు. అందరి ముందు నిలబడి నా గొంతు నేనే విన్నాను. "ఒక్కొక్కరికీ ఒక నంబరు వస్తుంది. అది మీదే. ఇంకెవరికీ పోదు. డాక్టరుగారికి ఆ నంబరు చెబితే చాలు."

వెంటనే కొత్త గొడవ. "ఒకటి నాది. పెద్దోణ్ణి నేను" అన్నాడు తలపాగా ఆయన. "పెద్దోడివా? పది దినాలు ముందు పుట్టినందుకా?" అన్నాడు పొట్టేలాయన. నేను గబగబా తలపాగా ఆయన పేరు నొక్కేశాను. వచ్చింది రెండు.

"రెండా? మరి ఒకటి ఎవురిది?"

వరండా అంతా నా వైపు చూసింది. "నాది" అన్నాను.

"నీకు ఆవుండాదా పాపా?"

"లేదు. ముందు నన్నే రాసుకొని చూసి చెరిపేసినాను. చెరిపినా ఆ నంబరు ఇంగ ఎవురికీ రాదు."

ఆయన కండువా సర్దుకున్నాడు. "ఆడబిడ్డకు పోతే పోనీలే. వీనికి రాకపోతే చాలు."

పొట్టేలాయనకు మూడు వచ్చింది. రెండో నంబరు ఆవు ఈనిందని మార్చాను. రెండో నంబరు ఒక్కటే ఈనింది. మూడో నంబరు ఎదురుగా కాలి వాపు అట్లాగే ఉంది. "నా పొట్టేలు నాకొచ్చేసిందప్పా!" అని ఆయన చేతులు పైకెత్తాడు. డాక్టరు అప్పుడు నవ్వారు. సాయంత్రం ఆయనే సుద్దముక్క పట్టుకొని ఇంటింటి గడప మీదా నంబర్లు రాసుకుంటూ పోయారు.

ఇంటికెళ్ళి తాతకు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని ఒక్కటే అడిగారు. "ఒకరిది ఇంగొకరికి ఇయ్యలేదు గదా?" లేదన్నాను. "అయితే నువ్వు టైమాఫీసు పాసు" అని వంటింటి వైపు తిరిగి, "ఏమ్మా, ఈ పిల్ల యాడికీ బస్సెక్కదు" అని కేకేశారు. ఆ ఉగాదికి అమ్మ నా ఓళిగ మీద, అదే బొబ్బట్టు మీద, నెయ్యి ఎక్కువ పోసింది.

ఇప్పుడు నేనూ మారికుప్పం రైలే ఎక్కుతున్నాను, "కాస్త జరగండి" అని అడుగుతున్నాను కూడా. పెద్ద ఆఫీసు, పెద్ద డేటాబేస్‌లు. తాత లేరు. బిళ్ళ గడప మీదే ఉంది. మొన్న డాక్టరు ఫోన్ చేశారు. వ్యాన్ మారింది, పేజీ మారింది, జాబితా మాత్రం ఇంకా రెండుతోనే మొదలవుతోందట. పిల్లల బెంచీలో మోకాళ్ళు ఇరికించుకొని, ఏడుపు వాయిదా వేసుకుంటూ కూర్చున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆమెను చెరిపేసి చాలా కాలమైంది. ఆ ఒకటో నంబరు మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేదు.